కుక్క వీలునామా ఎవరి కథ?

బేకరీ యజమాని భార్య ప్రాణంగా పెంచుకున్న కుక్క చచ్చిపోయింది. దానికి చర్చి పద్ధతిలో, లాటిన్ ప్రార్థనలతో అంత్యక్రియలు జరగాలని ఆమె పట్టుబట్టింది. ఫాదర్ ససేమిరా అన్నాడు. అప్పుడు ఆ బేకరీలోనే కూలికి పనిచేసే బక్కపలచని మనిషి ఒకడు కలగజేసుకుని, ఇది మామూలు కుక్క కాదండీ, పోయేముందు వీలునామా రాయించింది, అందులో మీకూ ఇంత అని పెట్టింది అన్నాడు. ఫాదర్ కళ్లు చెమర్చాయి. ఎంత తెలివైన జంతువు, ఎంత గొప్ప మనసు అంటూ కరిగిపోయాడు. అంత్యక్రియలు జరిగిపోయాయి. తర్వాత విషయం తెలిసి బిషప్ మండిపడితే, వీలునామాలో బిషప్ గారి వాటా కూడా ఉందని తేలింది. బిషప్ కూడా చల్లబడ్డాడు.

బ్రెజిల్‌లో ఈ కథ తెలియని మనిషి దొరకడం కష్టం. అరియానో సువస్సూనా 1955లో రాసిన ‘ఔతో ద కొంపాదెసీదా’ నాటకంలోది ఇది. కొంపాదెసీదా అంటే జాలి గుండె గల తల్లి, మరియమాత. దర్శకుడు గెల్ అరాయిస్ దీన్ని 1999లో టీవీ కోసం నాలుగు భాగాల సీరియల్‌గా తీశాడు. మరుసటి ఏడాది అదే సరుకును కుదించి సినిమాగా థియేటర్లకు తెచ్చాడు. టీవీలో ఉచితంగా చూసేసిన కథ కోసం 21 లక్షల మందికి పైగా టికెట్లు కొన్నారు. 2000లో అక్కడ ఏ బ్రెజిల్ సినిమాకూ అంతమంది రాలేదు.

ఈ సినిమా గురించి మాట్లాడేటప్పుడు ఒక చిక్కు ఎప్పుడూ ఎదురవుతుంది. అరాయిస్ నాటకంలో లేని పాత్రల్ని తెచ్చాడు, ఉన్నవాటిని తీసేశాడు, వేరే నాటకాల్లోంచి ముక్కలు కోసి ఇందులో కుట్టాడు. మరి ఇది సువస్సూనా కథేనా? ఒక క్లాసిక్‌ని ఇలా చేయొచ్చా? ఈ ప్రశ్నకు సరైన జవాబు కావాలంటే సినిమా నుంచి వెనక్కి, నాటకం కన్నా వెనక్కి, సంత దాకా వెళ్లాలి.

బ్రెజిల్ ఈశాన్య రాష్ట్రాల లోపలి భాగాన్ని సెర్తావ్ అంటారు. ముళ్ల పొదలు, ఎండిన ఏర్లు, ఏళ్ల తరబడి వానలు మొహం చాటేసే నేల. వందల, వేల ఎకరాలున్న భూస్వాములు అక్కడ మేజర్, కల్నల్ అని మిలటరీ పేర్లు తగిలించుకుని రాజ్యం చేశారు. గుర్రాల మీద తిరిగే కంగసేరో అనే బందిపోటు ముఠాలు ఊళ్లను దోచేవి. కరువొస్తే జనం మూటలు నెత్తిన పెట్టుకుని తీరప్రాంతానికి వలస పోయేవాళ్లు. ఆ ప్రాంతపు సంతల్లో పద్యకథల చిన్న చిన్న పుస్తకాలు అమ్మేవాళ్లు. చౌక కాగితం, అట్ట మీద చెక్కబ్లాకుతో అచ్చేసిన బొమ్మ. తాడు కట్టి దాని మీద వేలాడదీసేవాళ్లు కాబట్టి ఆ సాహిత్యానికి కోర్దెల్ అని పేరొచ్చింది. అమ్మేవాడు కథను రాగం తీసి పాడి, సరిగ్గా పట్టు దగ్గర ఆపేసేవాడు. మిగతాది కావాలంటే పుస్తకం కొనుక్కోవాలి. చదువు రానివాళ్లు కూడా కొని, చదువొచ్చిన పక్కింటివాడి చేత చదివించుకునేవాళ్లు. 2018లో బ్రెజిల్ ప్రభుత్వం కోర్దెల్‌ను జాతీయ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ఆ పుస్తకాలు రాసినవాళ్లలో లెయాంద్రో గోమెస్ జి బారోస్‌ది పెద్ద పేరు. 1865లో పరాయీబా రాష్ట్రంలో పుట్టి, 1918లో రెసిఫె నగరంలో చనిపోయాడు. కుక్క అంత్యక్రియల కథ ఆయన పద్యాల్లో ఉంది. డబ్బులు విసర్జించే గుర్రం కథ కూడా ఆయనదే. సువస్సూనా ఆ గుర్రాన్ని పిల్లిగా మార్చి నాటకంలో బేకరీ యజమాని భార్యకు అంటగట్టించాడు. మూడో అంకంలో చనిపోయినవాళ్ల మీద స్వర్గంలో జరిగే విచారణ కూడా మరో కోర్దెల్ కథలోంచి వచ్చిందే. కథానాయకుడు జొవావ్ గ్రిలో కూడా సువస్సూనా పుట్టించిన మనిషి కాదు. పోర్చుగల్ జానపద కథల్లో, ఆ తర్వాత బ్రెజిల్ కోర్దెల్‌లో ఆ పేరుతో ఒక టక్కరి ముందునుంచే తిరుగుతున్నాడు.

దీని మీద సువస్సూనా చెప్పుకున్న ముచ్చట ఒకటి ప్రచారంలో ఉంది. ఒకాయన వచ్చి ఆయన్ని అడిగాడట: ఆ డబ్బుల పిల్లి ఆలోచన మీకెలా వచ్చింది? కోర్దెల్‌లో చదివాను అన్నాడు సువస్సూనా. మరి కుక్క వీలునామా? అదీ కోర్దెల్‌దే. చనిపోయినవాణ్ణి లేపే పిల్లనగ్రోవి? అదీ అంతే. మరి ఇందులో మీరు రాసిందేమిటండీ అని ఆయన విసుక్కుంటే, సువస్సూనా, నేను రాసింది నాటకం కదా అన్నాడట.

ఆ జవాబులో గడుసుదనం కన్నా నిజం ఎక్కువ. కుక్క కథ లెయాంద్రో సొంతం కూడా కాదు. 13వ శతాబ్దంలో ఫ్రెంచి కవి రూత్‌బఫ్ రాసిన కథలో ఒక ఫాదర్ తన గాడిదను పవిత్రమైన శ్మశానంలో పూడ్చిపెడతాడు. బిషప్ నిలదీస్తే, గాడిద ఇన్నేళ్లూ చాకిరీ చేసి కూడబెట్టిన సొమ్ము మీకే రాసిపోయిందని చేతిలో పెడతాడు. గాడిద కుక్కయింది, ఫ్రాన్సు పల్లె బ్రెజిల్ పల్లెయింది, వీలునామా మాత్రం మారలేదు. ఇన్ని వందల ఏళ్లు చేతులు మారిన కథను పట్టుకుని అసలు హక్కుదారు ఎవరని అడిగితే అర్థం లేదు. నీ చేతికొచ్చాక నువ్వేం చేశావన్నదే అడగాలి.

సువస్సూనా ఏం చేశాడో చూద్దాం. ఆయన 1927లో పరాయీబాలో పుట్టాడు. తండ్రి ఆ రాష్ట్రానికి అధిపతిగా పనిచేసిన మనిషి. 1930 నాటి రాజకీయ కక్షల్లో ఆయన్ని చంపేశారు. తర్వాత తల్లి పిల్లల్ని తీసుకుని సెర్తావ్‌లోని తపెరొవా అనే ఊళ్లో కాపురం పెట్టింది. సంతలు, తోలుబొమ్మలాటలు, ఊరూరా తిరిగే సర్కస్ డేరాలు సువస్సూనా చూసింది అక్కడే. నాటకం జరిగేదీ ఆ ఊళ్లోనే. రాసేనాటికి ఆయనకు 28 ఏళ్లు. ప్రొటెస్టెంటు కుటుంబంలో పెరిగి, 1951లో క్యాథలిక్ అయ్యాడు. చర్చి మీద కోపంతో ఫాదర్‌నీ బిషప్‌నీ ఎగతాళి చేశాడని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. ఆయన గట్టి విశ్వాసి. దేవుడి పేరుతో బేరాలాడేవాళ్ల మీద విశ్వాసికి వచ్చే కోపం అది.

ఆయన వేసిన అసలు ఎత్తు ఆకలి. లెయాంద్రో పద్యంలో కుక్క కథ ఒక వెక్కిరింత. సువస్సూనా దాని వెనక ఒక కారణం పెట్టాడు. జొవావ్ గ్రిలో బేకరీలో పనిచేస్తూ జబ్బుపడి మూడు రోజులు మంచం పట్టాడు. యజమాని గానీ భార్య గానీ గుక్కెడు మంచినీళ్లయినా పంపలేదు. అదే ఇంట్లో కుక్కకు వెన్నలో వేయించిన మాంసం పెడుతున్నారు. ఈ సంగతి జొవావ్ మాటిమాటికీ తలుచుకుంటాడు, ఒక్కసారి కూడా నవ్వుతూ చెప్పడు. కుక్క చచ్చాక వీలునామా కట్టుకథ అల్లడం వెనక ఉన్నది ఆ మాంసమే. దాంతో ప్రేక్షకుడు నవ్వుతూనే లెక్క వేసుకుంటాడు: మనిషికి నీళ్లు లేవు, కుక్కకు లాటిన్ ప్రార్థన.

హాస్యం ఎలా కట్టాడో దగ్గర్నుంచి చూడాలంటే వీలునామాకు ముందు ఘట్టం చూడాలి. కుక్క ఇంకా బతికే ఉంది, జబ్బుతో మూలుగుతోంది. ఫాదర్ దాన్ని ఆశీర్వదించనంటాడు. ఈ కుక్క మేజర్ ఆంతోనియో మొరాయిస్ గారిదండీ అని జొవావ్ చిన్న అబద్ధం ఆడతాడు. మేజర్ పేరు వినగానే ఫాదర్ మెత్తబడతాడు. ఇంతలో కర్మ కొద్దీ ఆ మేజరే చర్చికి బయల్దేరి వస్తాడు. జబ్బుపడిన తన కొడుక్కి ఫాదర్ ఆశీర్వాదం ఇప్పించుకోవాలని. జొవావ్ దారిలోనే ఆయన్ని ఆపి, ఫాదర్‌కి మతి చలించింది, కనిపించినవాళ్లందర్నీ కుక్క అంటున్నాడు, పట్టించుకోకండి అని చెవిలో వేస్తాడు. ఇక ఇద్దరూ ఎదురుపడతారు. ఫాదర్ ఎంతో వినయంగా ఆ జంతువుకి ఎలా ఉందని అడుగుతాడు, దాని తల్లి గురించి కూడా విచారిస్తాడు. తన కొడుకునీ, పెళ్లాన్నీ పట్టుకుని ఫాదర్ ఆ మాటలంటుంటే మేజర్ అగ్గిమీద గుగ్గిలమవుతాడు.

ఇందులో ఎవరూ తెలివితక్కువ మాట ఒక్కటి కూడా అనరు. ఫాదర్‌కి తెలిసిన దాని ప్రకారం ఆయన మాటలు సబబే, మేజర్‌కి తెలిసిన దాని ప్రకారం ఆయన కోపం సబబే. రెండు చిన్న అబద్ధాలు విడివిడిగా ఒక్కో మనిషికి అతికినట్టు సరిపోయాయి. అవి ఎదురెదురు తగిలినప్పుడు పేలాయి. రెండూ పనిచేయడానికి కారణం కూడా ఒక్కటే: ఊళ్లో అందరికీ మేజరంటే హడలు. అబద్ధాలు జొవావ్‌వే, కానీ వాటికి పెట్టుబడి ఆ భయం.

జొవావ్ పక్కన ఎప్పుడూ షికో ఉంటాడు. పిరికివాడు, మంచివాడు, కోతలరాయుడు. అమెజాన్‌లో తాను చేపను పట్టడం కాదు, చేపే తనను పట్టి మూడు రోజులు లాక్కెళ్లిందంటాడు. తెలంగాణ ఊళ్లలో కట్టె తుపాకి భుజాన వేసుకుని పిట్టల దొర కొట్టే కోతలు విన్నవాళ్లకు ఈ షికో వెంటనే పట్టుబడతాడు. జొవావ్ అడ్డు ప్రశ్నలు వేసి కథలోని బొక్కలన్నీ చూపిస్తే షికో ఒకటే జవాబిస్తాడు: ఏమో, నాకు తెలియదు, అలా జరిగిందని మాత్రం తెలుసు. ఈ మాట ఇవాళ బ్రెజిల్ జనం రోజువారీ మాటల్లో కలిసిపోయింది. జొవావ్ పొట్టకూటికి అబద్ధమాడతాడు, షికో సరదాకి ఆడతాడు. ఇద్దరినీ పక్కపక్కన నడిపించడం వల్లే కథ ఒక వైపుకి ఒరిగిపోకుండా నిలబడింది. జొవావ్ ఒక్కడే ఉంటే ఈ కథ చేదెక్కిపోయేది.

నాటకాన్ని 1956 సెప్టెంబరులో రెసిఫెలోని సాంత ఇజబెల్ థియేటర్‌లో మొదటిసారి ఆడారు. మరుసటి ఏడాది రియో డి జనీరోలో జరిగిన ఔత్సాహిక నాటకోత్సవంలో బంగారు పతకం గెలుచుకున్నాక దేశమంతా దాని పేరు మోగిపోయింది. సినిమాగా తీయడం కూడా అరాయిస్‌తో మొదలు కాలేదు. 1969లో ఒకసారి, 1987లో అప్పటి ప్రసిద్ధ కామెడీ బృందం త్రపాల్యోంయిస్‌తో ఒకసారి వచ్చింది. అయినా జనం మనసులో నిలిచింది అరాయిస్ తీసిందే. ఎందుకో తెలియాలంటే ఆయనెవరో కొంచెం చెప్పాలి.

గెల్ అరాయిస్ 1953లో రెసిఫెలో పుట్టాడు. తండ్రి మిగెల్ అరాయిస్ పెర్నంబుకో రాష్ట్ర గవర్నరు, పేద రైతుకూలీల పక్షాన నిలబడ్డ నాయకుడు. 1964లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు ఆయన్ని పదవి నుంచి దించి జైల్లో పెట్టారు. తర్వాత కుటుంబం అల్జీరియాకు ప్రవాసం పోయింది. గెల్ అక్కడ పెరిగి, పారిస్‌లో మానవశాస్త్రం చదివాడు. అక్కడే జాఁ రూష్ దగ్గర పనిచేశాడు. ఆఫ్రికాలో మామూలు మనుషుల చేత వాళ్ల బతుకుల్నే కథలుగా ఆడించి తీసిన పెద్ద డాక్యుమెంటరీ దర్శకుడు రూష్. ప్రవాసులకు క్షమాభిక్ష చట్టం వచ్చిన 1979 తర్వాత గెల్ దేశానికి తిరిగొచ్చి బ్రెజిల్‌లోని పెద్ద టీవీ సంస్థ గ్లోబోలో చేరాడు. అక్కడ సీరియళ్లు తీశాడు. 1988లో ‘టీవీ పిరాతా’ అనే కామెడీ షోతో టీవీనే టీవీలో ఆటపట్టించాడు. నిమిషం, రెండు నిమిషాల తునకలు, మెరుపులాంటి కట్‌లు, ఒకడి మాట పూర్తి కాకుండానే ఇంకొకడు అందుకోవడం ఆయన చేతికి అలవాటైంది ఆ రోజుల్లోనే.

ఇక్కడ ఒక చుట్టరికం కూడా ఉంది. నియంతృత్వం పోయాక మిగెల్ అరాయిస్ మళ్లీ గవర్నరయ్యాడు. 1990లలో ఆయన ప్రభుత్వంలో సాంస్కృతిక శాఖ చూసింది సువస్సూనాయే. అమెరికా నుంచి దిగుమతయ్యే వినోదమన్నా, దాన్ని మోసుకొచ్చే టీవీ అన్నా సువస్సూనాకు పడేది కాదు. 1970లో ఆయన మొదలుపెట్టిన ఆర్మోరియల్ ఉద్యమం సారాంశం కూడా అదే: సంగీతం, చిత్రకళ, నాటకం ఏదైనా సరే, మన సంతల్లోని జానపదం వేర్ల మీద నుంచే గొప్ప కళగా ఎదగాలి. అలాంటి మనిషి నాటకాన్ని గ్లోబో టీవీకి, అదీ కామెడీ షోల దర్శకుడి చేతికి అప్పగించడం చిన్న సంగతి కాదు. వచ్చిన ఫలితాన్ని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

అరాయిస్ చేసిన మార్పుల్లో మొదటిది వేగం. నాటకంలో అంతా చర్చి ముంగిట జరుగుతుంది. మనుషులు వస్తారు, పోతారు. ఒక బఫూన్ వచ్చి ప్రేక్షకులకు దండం పెట్టి, రచయిత తరఫున మాట్లాడి, అంకాల్ని కలుపుతాడు. అరాయిస్ ఆ బఫూన్‌ని తీసేశాడు. సినిమా మొదట్లో జొవావ్, షికో ఊరంతా తిరుగుతూ, క్రీస్తు జీవితం మీద మూకీ సినిమా వేస్తున్నారు రండి రండి అని కేకలేస్తారు. బఫూన్ పని వాళ్లిద్దరూ పంచుకున్నారన్నమాట. జొవావ్‌గా వేసిన మాతెయుస్ నాక్టర్‌గేల్ మాట్లాడే స్పీడు చూడాలి. గుక్క తిప్పుకోడు. ఇది టీవీ తొందర అనీ, కెమెరా ఎప్పుడూ మొహాల మీదే ఉంటుందనీ విమర్శ వచ్చింది. రెండోది కొంతవరకు నిజమే. సెర్తావ్ ఆకాశం, నేల ఈ సినిమాలో రావాల్సినంత రావు. మొదటిదాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఆకలితో ఉన్నవాడికి ఆలోచించుకునే తీరిక ఉండదు. ఎదుటివాడు రెండో ప్రశ్న వేసేలోపే జొవావ్ మూడో అబద్ధం సిద్ధం చేసుకోవాలి, లేదంటే దొరికిపోతాడు. ఆ వేగం పాత్ర బతుకులోంచి వచ్చింది.

రెండో మార్పు పైకి చూడ్డానికి పెద్దది. నాటకంలోని మేజర్ కొడుకు సినిమాలో కూతురయ్యాడు. ఆమె పేరు రోజిన్యా. షికో ఆమెను ప్రేమిస్తాడు. దాంతో ఊరి రౌడీ ఒకడు, ప్రేమ పోటీ, పెళ్లి ఖర్చుకి మేజర్ దగ్గర అప్పు అన్నీ వచ్చిపడ్డాయి. ఇవి చాలావరకు సువస్సూనా రాసిన వేరే నాటకాల్లోవి. గడువులోగా అప్పు తీర్చకపోతే షికో వీపు తోలు పట్టీగా కోసుకుంటానని మేజర్ కాగితం రాయించుకుంటాడు. తోలు కోసుకో, కానీ కాగితంలో నెత్తురు మాట లేదు అని అడ్డం తిరిగి బయటపడతారు. షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ తెలిసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. బేకరీ యజమాని భార్య దోరా సరసాలకు 14వ శతాబ్దపు ఇటలీ కథకుడు బొకాచియో నుంచి అరువు తెచ్చుకున్నారు. అరాయిస్‌తో పాటు అద్రియానా ఫల్కావ్, జొవావ్ ఫల్కావ్ కూడా స్క్రిప్టు మీద కూర్చున్నారు.

ఇవి అతుకులే కదా అని సువస్సూనా వీరాభిమానులు అనొచ్చు. సువస్సూనా కూడా అతుకులతోనే కట్టాడు మరి. కోర్దెల్ కవి ఐరోపా కథను తెచ్చి సెర్తావ్ బట్టలు తొడిగాడు, సువస్సూనా కోర్దెల్ కథకు ఆకలిని తగిలించాడు, అరాయిస్ షేక్‌స్పియర్‌ని పట్టుకొచ్చి మేజర్ చేతిలో పెట్టాడు. పద్ధతి ఒకటే. అరువు తెచ్చిందా లేదా అన్నది నేను చూడను. తెచ్చిన ముక్క ఈ ఊరి మనిషిలా మసులుతోందా లేదా అన్నదే చూస్తాను. తోలు ఒప్పందం మసులుతుంది. భూస్వామికి కూలివాడి ఒళ్లు కూడా తాకట్టు వస్తువేనన్న మాట అక్కడి చరిత్రకు దూరం కాదు. ప్రేమకథ అంతగా అతకలేదు. రోజిన్యా అందంగా నవ్వుతుంది, ధైర్యంగా మాట్లాడుతుంది. కానీ ఆమె తెర మీద ఉన్నంతసేపూ జొవావ్ ఆకలి పక్కకు జరుగుతుంది. సినిమా కాస్త జారిందనిపించేది నాకు ఆ ఒక్కచోటే.

ఇంకో రెండు పనులు చాలా బాగా చేశాడు. షికో కోతలు కోసేటప్పుడు తెర మీద కోర్దెల్ అట్టబొమ్మల తీరులో బొమ్మలు కదులుతాయి. ఈ కథలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఒక్క మాట చెప్పకుండా చూపించేశాడు. ఊరి దృశ్యాలన్నీ పరాయీబాలోనే కబసేరాస్ అనే చిన్న ఊళ్లో తీశాడు. బ్రెజిల్‌లో అతి తక్కువ వానలు పడే ఊళ్లలో అదొకటి. టీవీ కోసమే తీస్తున్నా వీడియో కాకుండా 35 ఎంఎం ఫిల్ము వాడాడు. అందుకే తర్వాత థియేటర్‌కి తేగలిగాడు.

కథ సగం దాటాక సెవెరీనో అనే బందిపోటు ఊరి మీద పడతాడు. బిషప్‌నీ, ఫాదర్‌నీ, బేకరీ దంపతుల్నీ వరుసగా కాల్పిస్తాడు. జొవావ్ వంతు వచ్చేసరికి అతను ఒక పిల్లనగ్రోవి తీస్తాడు. చచ్చినవాణ్ణి లేపే శక్తి దీనికుంది, పాద్రె సీసెరో దీవించి ఇచ్చాడు అంటాడు. పాద్రె సీసెరో ఎవరంటే, 1934లో చనిపోయిన ఫాదర్, సెర్తావ్ పేదలకు ఇవాళ్టికీ ఇంటి దేవుడు. పరీక్ష కోసం జొవావ్ షికోని పొడుస్తాడు. చొక్కా కింద దాచిన తిత్తిలోంచి నెత్తురు చిమ్ముతుంది. పిల్లనగ్రోవి ఊదగానే షికో మెల్లగా లేచి చిందులేస్తాడు. సెవెరీనో నోరెళ్లబెడతాడు. నన్ను కాల్చు, పైకెళ్లి పాద్రె సీసెరోని కళ్లారా చూసి వస్తాను, తర్వాత ఊదు అని తన అనుచరుడికే ఆజ్ఞాపిస్తాడు. నాటకం మొత్తంలో నన్ను ఎక్కువ కలవరపెట్టే చావు ఇదే. ఇంతమందిని చంపినవాడు డబ్బు కోసమో పదవి కోసమో కాకుండా, ఇష్టదైవాన్ని ఒక్కసారి చూడాలన్న ఆశతో మోసపోయి పోయాడు. సినిమాలో సెవెరీనోగా వేసిన మార్కో నానీనీ ఆ క్షణంలో చిన్నపిల్లాడి మొహం పెడతాడు. హాల్లో నవ్వు మొదలై మధ్యలో ఆగిపోతుంది. జొవావ్ కూడా కాసేపట్లోనే తుపాకి గుండుకు పోతాడు.

అప్పుడు మొదలవుతుంది విచారణ. సాతాను పాపాల చిట్టా విప్పుతాడు. క్రీస్తు న్యాయమూర్తిగా వస్తాడు, నల్లవాడిగా. 1955లో, బానిసత్వం రద్దయి 67 ఏళ్లు మాత్రమే గడిచిన దేశంలో, సువస్సూనా ఇది నాటకంలోనే రాశాడు. జొవావ్ ఆశ్చర్యపోయి, రంగు మీద నోరు జారతాడు. నువ్వలా అంటావని తెలిసే ఇలా వచ్చాను అంటాడు క్రీస్తు. పీడన అనుభవించినవాడి లోపల కూడా వివక్ష కాపురముంటుందని సువస్సూనా చూపించాడు. ఆ ఘట్టంలోనే, రంగు పట్టింపు ఉండటానికి నేనేమైనా అమెరికావాణ్ణా అని క్రీస్తు అంటాడు. జాతి వివక్ష అమెరికాలోనే ఉంది, మన దగ్గర లేదు అన్న అప్పటి బ్రెజిల్ నమ్మకం ఆ మాటలో తొంగిచూస్తుంది. ఇవాళ బ్రెజిల్‌లో ఆ మాటను అంత తేలిగ్గా వదిలిపెట్టరు, పెట్టకూడదు కూడా.

దిక్కుతోచక జొవావ్ సంతపాటలాంటి ఒక పద్యం అందుకుని మరియమాతను పిలుస్తాడు. సినిమాలో ఆ తల్లిగా నటి ఫెర్నాండా మోంటెనెగ్రో వస్తుంది. ఈ సీరియల్ టీవీలో వచ్చిన కొద్ది వారాలకే ఆమె వేరే సినిమాకు ఉత్తమ నటిగా ఆస్కార్ నామినేషన్ అందుకుంది. ఇక్కడ ఆమె చేసింది నటనలా ఉండదు, ఊళ్లో పెద్దావిడ పంచాయితీకి వచ్చి మాట్లాడినట్టుంటుంది. ఆమె వాదన ఎంత సూటిదో చూడండి. వీళ్లు తప్పు చేయలేదని అనదు. చేశారు, కానీ భయంతో చేశారు అంటుంది. ఆకలి భయం, ఒంటరితనం భయం, చావు భయం. జొవావ్ గురించి ఆమె చెబుతున్నప్పుడు అరాయిస్ సినిమాలో కరువు మనుషుల నలుపు తెలుపు ఫోటోలు వేశాడు. అప్పటిదాకా పరుగులు పెట్టిన సినిమా ఒక్కసారి నిలబడిపోతుంది. రూష్ దగ్గర పనిచేసినవాడి చెయ్యి నాకు కనిపించేది అక్కడే. ఇంతసేపూ నవ్వించిన మనిషి కట్టుకథలోని వాడు కాదు, ఇదిగో ఈ మొహాల్లో ఒకడు అని చూపిస్తాడు.

తీర్పులు కూడా గమనించాలి. బందిపోట్లు నేరుగా స్వర్గానికి పోతారు, ఎందుకంటే పోలీసులు వాళ్ల కుటుంబాన్ని చంపాక మతి చెడి అలా అయ్యారు. బిషప్, ఫాదర్, బేకరీ దంపతులు స్వర్గానికి ముందు పాపాలు కడుక్కునే శుద్ధిలోకంలో ఉండాలి. ఆ సలహా ఇచ్చింది జొవావే. ఇక జొవావ్‌ని తిరిగి భూమికి పంపాలని తల్లి అడుగుతుంది. నేను జవాబు చెప్పలేని ప్రశ్న వేస్తే పంపుతాను అంటాడు క్రీస్తు నాటకంలో. మీరు మళ్లీ భూమ్మీదకి వచ్చేది ఏ రోజు అని అడుగుతాడు జొవావ్. ఆ రోజు ఎవరికీ తెలియదని సువార్తలోనే ఉంది. క్రీస్తు నవ్వి ఒప్పుకుంటాడు. ఓడిపోవాలనే కూర్చున్న న్యాయమూర్తి ఆయన.

జొవావ్ బతికి లేచాక చనిపోయినవాళ్ల డబ్బంతా ఇద్దరి చేతికీ వస్తుంది. కానీ జొవావ్ బతికితే మొత్తం సొమ్ము మరియమాతకు ఇస్తానని షికో అప్పటికే మొక్కేశాడు. తిట్టుకుంటూనే ఇచ్చేస్తారు. ఇంత తెలివి, ఇన్ని అబద్ధాలు, ఒక చావు తర్వాత కూడా పేదవాడు పేదవాడిగానే మిగిలాడు. సినిమాలో అరాయిస్ దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లాడు. రోజిన్యాకు వారసత్వంగా వచ్చిన పంది బొమ్మ హుండీ పగలగొడితే బయటపడ్డ డబ్బు చెల్లుబాటు కాని పాత డబ్బు. ఈ పంది హుండీ సువస్సూనా మరో నాటకంలోది. ప్రేమకథలో మిగతా ముక్కలు అతికినా అతక్కపోయినా, ఇది మాత్రం ఇక్కడి కోసమే పుట్టినట్టుంది.

సువస్సూనా 2014లో కన్నుమూశాడు. పదేళ్లకు, 2024 డిసెంబరు 25న, అరాయిస్ ఫ్లావియా లసెర్దాతో కలిసి రెండో భాగం విడుదల చేశాడు. అదే నాక్టర్‌గేల్, అదే సెల్టన్ మెలో షికోగా. మరియమాతగా ఈసారి నల్లజాతి నటి తాయిస్ అరౌజో. 40 లక్షల మందికి పైగా చూశారు. కథలో ఇరవై ఏళ్లు గడిచాయి. చచ్చి బతికినవాడిగా జొవావ్ పేరు ఊరంతా పాకింది. ఎన్నికల్లో తలపడుతున్న ఇద్దరు పెద్దమనుషులు అతని మద్దతు కోసం వెంటపడతారు.

రచయిత పోయాక ఆయన పాత్రలతో కొత్త కథ అల్లే హక్కు ఎవరికుందని మళ్లీ చర్చ వచ్చింది. సంతల నుంచి వచ్చిన పాత్రను సంతలోకి వదిలితే తప్పేమీ లేదు. నాకున్న అభ్యంతరం వేరు. మొదటి కథలో జొవావ్ మాట ఎవరూ వినరు కాబట్టే అబద్ధమాడతాడు. రెండో దాంట్లో అందరూ అతని మాట కోసమే ఎదురుచూస్తుంటారు. అప్పుడు అబద్ధం అవసరం కాదు, వేడుక. నవ్వు వస్తుంది గానీ వెన్నలో వేయించిన ఆ మాంసం గుర్తుకు రాదు.

చూడాలనుకునేవాళ్లు 2000 నాటి సినిమాతో మొదలుపెట్టండి, గంటా నలభై నాలుగు నిమిషాలు. నాటకం చదవాలంటే ‘ది రోగ్స్ ట్రయల్’ పేరుతో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రెస్ 1963లో వేసిన ఇంగ్లీషు అనువాదం ఉంది. అందులో ఫాదర్, మేజర్ ఎదురుపడే చోటు ఇద్దరు కూర్చుని పైకి చదవండి, ఒకరు ఫాదర్‌గా, ఒకరు మేజర్‌గా. అది కళ్లతో చదివేది కాదు, చెవులతో వినాల్సింది.